పని పూర్తయినట్టు కాగితం

"నిన్ను ఆ మునిసిపల్ ఆఫీసుకి వెళ్లమని ఎవరు చెప్పారు?"

ఆమె భుజాన్నుంచి బ్యాగు దించేలోగా భర్త ఆ మాట మూడోసారి అడిగాడు. మూడుసార్లూ గొంతు పెంచలేదు. కళ్లజోళ్ల షాపులో ముప్ఫయ్యేళ్లుగా "ఇప్పుడీ అక్షరం కనిపిస్తోందా" అని అడిగీ అడిగీ, ఆయనకి కోపం కూడా అదే గొంతులో వస్తుంది.

"ఎవరూ చెప్పలేదు. డ్యూటీ దిగి వస్తుంటే దారిలోనే కదా అని ఆగాను." ఆమె ఇంకా నర్సు యూనిఫారంలోనే ఉంది. "ఇల్లు కొంటున్నవాళ్ల లాయరు అడిగింది ఒక్క కాగితం. ఈ గోడ తీసిన పని పూర్తయిందనీ, ఆఫీసువాళ్లు వచ్చి చూసి సరేనన్నారనీ. మన దగ్గర లేకపోతే వాళ్ల దగ్గర నకలు ఉంటుందనుకున్నాను."

"మన లాయరమ్మ ఏం చెప్పింది? మొన్న నువ్వూ పక్కనే కూర్చున్నావుగా."

"కూర్చున్నాను."

"ఏం చెప్పింది?"

ఆవిడ చెప్పింది ఇద్దరికీ గుర్తుంది. పాత పనికి కాగితం దొరక్కపోతే కంగారు పడక్కర్లేదు. దానికో బీమా ఉంది. రేపెప్పుడైనా ఆఫీసువాళ్లు పేచీ పెడితే, కొన్నవాళ్ల తరఫున ఆ కంపెనీ చూసుకుంటుంది. షరతు ఒకటే. ఆఫీసువాళ్లని కదపకూడదు. ఒక్కసారి వెళ్లి అడిగారంటే ఇక ఆ బీమా రాదు.

"హాయిగా పడుకున్నవాణ్ని తట్టి లేపి, అయ్యా నిద్రపోతున్నారా అని అడిగొచ్చావు" అన్నాడాయన.

"చూడకుండా ఉంటేనే ఇస్తామనే బీమా నాకు నచ్చలేదు. కొంటున్నావిడకి ఏడో నెల. పై గది చూసి, పిల్ల మంచం ఎక్కడ వేసుకోవాలో నన్నే అడిగింది. నాకు నిజంగా తెలిసిందే ఆవిడకి చెప్పాలి కదా నేను."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. వీధిలో ఎవరూ లేరు. ఎదురింటివాళ్ల పిల్లి కారు మీద పడుకుని ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

వచ్చే నెల ఒకటో తారీఖున ఆమె మూడు గంటల దూరంలో ఉన్న ఇంకో ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేరాలి. ఈ ఇల్లు అమ్మి అక్కడ కొనుక్కోవాలనుకున్నారు. బస్సు డ్రైవరూ ఆయన భార్యా వచ్చి చూసి, బేరం ఆడకుండా ఒప్పుకున్నారు. అంతా సాఫీగా సాగుతుండగా ఈ కాగితం దగ్గర బండి ఆగింది.

ఆమె బ్యాగులోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఫైలు నకలు. చదవండి."

"కళ్లజోడు షాపులో మర్చిపోయాను."

షాపుకి ఆ రోజు సెలవు. కళ్లజోడు ఆయన చొక్కా జేబులోనే ఉంది. ఆమె ఆ జేబు వైపు ఒకసారి చూసి, తనే చదివింది.

"'తనిఖీకి వెళ్లాను. ఇంటి యజమాని గుమ్మంలోనే ఆపారు. పని ఆగిపోయిందనీ, మళ్లీ కబురు చేస్తామనీ చెప్పి పంపించారు. దూలం ఎడమ కొస తాత్కాలికంగా నిలిపి ఉన్నట్టు మేస్త్రీ ముందురోజు తెలియజేశారు. యజమాని నుంచి తిరిగి కబురు లేదు. ఫైలు మూయలేదు.' కింద తారీఖు ఉంది."

ఆయన తారీఖు అడగలేదు.

"అత్తయ్య పోయిన రోజు" అంది ఆమె.

మెట్ల మీద చప్పుడయింది. కూతురు సగం దిగి, అక్కడే ఆగింది. ఇరవయ్యేళ్ల పిల్ల. చిన్నప్పుడు ఒక్కచోట నిలిచేది కాదని నానమ్మ పిచ్చుక అని పిలిచేది. ఆ పేరే నిలిచిపోయింది.

"నాన్నా, నువ్వు భోంచేశావా లేదా? నేను వడ్డించుకుంటున్నాను" అంది. ఇద్దరి ముఖాలూ చూసి ఆ మెట్టు మీదే కూర్చుంది.

"మీరు నాకు చెప్పింది వేరు" అంది తల్లి. "మరిది పని సగంలో వదిలేసి వేరే కాంట్రాక్టుకి పోయాడన్నారు. తల్లి పోయినా నిలబడలేదన్నారు. పదకొండేళ్లు అదే నమ్మాను. బజార్లో ఆయన భార్య ఎదురైతే ముఖం తిప్పుకుని వచ్చాను. ఒకసారి కాదు."

"ఇప్పుడెందుకవన్నీ?"

"ఇందులో రాసింది ఆయన పారిపోయాడని కాదు. మీరు గుమ్మంలో నిలబడి ఇన్‌స్పెక్టరుని వెనక్కి పంపారని."

"ఇంట్లో చావు జరిగితే, రండి గోడ చూద్దురు గాని అంటారా ఎవరైనా?"

"ఆ రోజు అనరు. ఆ తర్వాత నెలకి? ఏడాదికి?"

పిల్లి కారు మీంచి దిగి వెళ్లిపోయింది.

"ఎడమ కొస తాత్కాలికంగా నిలిపి ఉందంటే ఏమిటి?" అని అడిగింది ఆమె.

"నాకేం తెలుసు. మేస్త్రీ భాష."

"అందుకే మేస్త్రీని రమ్మన్నాను."

ఆయన వెనక్కి తిరిగాడు.

"ఫైల్లో ఆయన నంబరు ఉంది. ఇంకా అదే నంబరు వాడుతున్నాడు. వదినని మాట్లాడుతున్నానంటే చాలాసేపు ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేశాడేమో అనుకున్నాను. చివరికి, అన్నయ్య రమ్మన్నాడా అని అడిగాడు. నేను రమ్మంటున్నాను అన్నాను. వస్తానన్నాడు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

*

మరిది మనిషి బాగా మారిపోయాడు. జుట్టు నెరిసింది. గుమ్మంలో చెప్పులు విప్పి, చేతిలో పనిముట్ల సంచితో అక్కడే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరో ఒకరు అనాలన్నట్టు అన్నగారి వైపు చూశాడు. అన్నగారు నేల చూస్తున్నాడు.

"రండి" అంది నర్సు.

"కాస్త గట్టిగా చెప్పు వదినా. ఎడమ చెవి పోయింది. డ్రిల్లింగ్ మిషన్ల పుణ్యం." కుడి చెవి ఇటు తిప్పాడు. "నెమ్మదిగా మాట్లాడేవాళ్లతో నాకు పెద్ద గొడవే."

ఆమె మళ్లీ చెప్పింది. అతను లోపలికి వచ్చాడు. మెట్ల మీద ఉన్న పిల్లని చూసి, "పిచ్చుకేనా?" అన్నాడు.

"అవును బాబాయ్."

"ఇంతయ్యావు" అన్నాడు గాని, ఎంతో చేత్తో చూపించలేదు. కాగితం తీసుకుని కిటికీ దగ్గర చదివాడు. రెండుసార్లు చదివాడు. మడిచి వదినకి ఇచ్చేశాడు.

తర్వాత పని మొదలుపెట్టాడు. ఒకప్పుడు ముందుగదికీ వంటింటికీ మధ్య గోడ ఉండేది. పై గది బరువంతా ఆ గోడే మోసేది. మంచం పట్టిన తల్లికి విశాలంగా ఉండాలని అన్నదమ్ములిద్దరూ అనుకుని ఆ గోడ తీయించారు. దాని బదులు అటునించి ఇటు ఇనప దూలం వేశారు. ఇప్పుడు దూలం కనబడకుండా చుట్టూ పలకలు బిగించి రంగు వేసి ఉంది. అతను కుర్చీ ఎక్కి, కుడి కొసనుంచి వేళ్లతో కొడుతూ, మంచి చెవి దగ్గరగా పెట్టి వింటూ వచ్చాడు. ఎడమ కొసకి వచ్చేసరికి అల్మారా అడ్డొచ్చింది. నేలనుంచి కప్పుదాకా ఉన్న సన్నని అల్మారా.

"ఇదెవరు చేశారు?"

"వడ్రంగి. ఆ మూల బోసిగా ఉందని ఈయన చేయించారు" అంది నర్సు. "నేను ఆ నెలంతా నైట్ డ్యూటీలు. ఓ పొద్దున వచ్చేసరికి ఉంది."

"ఎప్పుడు?"

"అత్తయ్య పోయాక. నెలా, నెలన్నర."

మేస్త్రీ అన్నగారి వైపు చూశాడు. ఆయన కళ్లజోడు తీసి తుడుస్తున్నాడు. షాపులో మర్చిపోయిన కళ్లజోడు.

"ఖాళీ చెయ్యండి" అన్నాడు మేస్త్రీ.

తల్లీ కూతురూ సామాను తీసి సోఫా మీద వేశారు. దుప్పట్లు, ఇస్త్రీపెట్టె, పిచ్చుక చదివే ఫార్మసీ కోర్సు పాత పుస్తకాలు, ఎవరో పెళ్లికి ఇచ్చిన విప్పని గాజు గిన్నెల పెట్టె. మేస్త్రీ టేపు తీసి బయట కొలిచాడు. లోపల కొలిచాడు. బయట రెండడుగుల లోతు. లోపల అడుగుంపావు.

"మిగతాది ఏమైంది?" అంది పిచ్చుక.

అతను వెనక పలక మరలు విప్పసాగాడు. ఎనిమిది మరలు. తుప్పు పట్టి ఒకటి రాలేదు. దాన్ని పక్కకి వంచాడు. పలక ఊడి చేతిలోకి వచ్చింది. దాని వెనక చీకట్లో నిలువుగా ఇనప గొట్టం ఉంది. శ్లాబు పోసేటప్పుడు కిందనుంచి ఆనించే జాకీ. మెడ దగ్గర ఆకుపచ్చ రంగు పట్టీ.

"నాదే" అన్నాడు. "సైట్లో కలిసిపోకుండా నా సామానుకి పచ్చరంగు వేసుకునేవాణ్ని." ఆ పట్టీని వేలితో తుడిచి, "మీరు పని ఇంకెవరితోనో పూర్తి చేయించి, దీన్ని నా సైటుకి పంపేశారనుకున్నాను. ఒక జాకీ తక్కువైందని ఆ ఏడాదంతా సెంట్రింగ్ మేస్త్రీతో తగూలాడాను. పాపం, వాడు ఒట్లు వేశాడు" అన్నాడు.

నర్సుకి అర్థం కాలేదు. "ఇదేం చేస్తోంది ఇక్కడ?"

"మొయ్యడం. ఈ కొసన పాత ఇటుక గుల్లగా ఉంది వదినా. చెయ్యి పెడితే రాలింది. దూలం దానిమీద నిలవదు. కొత్త స్తంభం కట్టాలి. కట్టి, ఆరేదాకా పదిహేను రోజులు ఉంటుందని ఇది పెట్టాను. ఇన్‌స్పెక్టరు చూశాక స్తంభం కట్టి దీన్ని తీసెయ్యాలి. అదీ లెక్క."

"స్తంభం ఎక్కడుంది?"

"కట్టలేదు."

అతను ఒంగి జాకీ అడుగున టార్చి వేశాడు. కింద పలకరాయి నాలుగు ముక్కలైంది. ఇనప రేకు వేలు మందం నేలలోకి దిగింది. జాకీ నడుం దగ్గర చీల కొద్దిగా వంగి ఉంది. దానిమీద వేలు పెట్టబోయి తీసేశాడు.

"పై గది తలుపు పట్టేస్తోందా?"

"రెండేళ్లుగా" అంది పిచ్చుక. "ఇద్దరు వడ్రంగులు వచ్చి చెక్కిపోయారు. వానకి చెక్క ఉబ్బిందన్నారు."

"ఇక పైకి వెళ్లకమ్మా."

"నా పుస్తకాలు పైనే ఉన్నాయి బాబాయ్. సోమవారం పరీక్ష."

"ఇంకో జాకీ పెట్టాక నేనే తెచ్చిస్తాను."

ఆ పిల్ల మెట్టు మీంచి లేచి, నెమ్మదిగా అడుగులో అడుగు వేసుకుంటూ కిందికి దిగింది. రోజుకి పదిసార్లు దబదబా దిగే మెట్లే అవి.

నర్సు భర్త వైపు తిరిగింది. "ఇది ఇక్కడుందని మీకు తెలుసా?"

ఆయన ఏదో అన్నాడు. ఆమెకి వినపడింది. మేస్త్రీకి వినపడలేదు.

"ఏమన్నాడు?"

"మీరే చెప్పండి" అంది ఆమె భర్తతో. "ఆయనకి వినపడేలా."

"తెలుసు" అన్నాడాయన.

ఆ గొంతు ఇంట్లో ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. ఆయనకే కొత్తగా ఉన్నట్టుంది. చెప్పాక కుర్చీలో కూర్చున్నాడు.

*

మేస్త్రీ విప్పిన మరలన్నీ ఏరి జేబులో వేసుకున్నాడు.

"మర్నాడు నిన్ను పిలుద్దామనుకున్నాను" అన్నాడు అన్నగారు. "అప్పటికే పరామర్శకి వచ్చినవాళ్లందరికీ నువ్వే వదిలేసి పోయావని చెప్పేశాను. నిన్ను పిలిస్తే మళ్లీ అందరికీ ఏం చెప్పను? ఇంకో మేస్త్రీని పిలిస్తే వాడు వీధంతా చెప్తాడు. ఓ నెల చూశాను. పగులేమీ రాలేదు. ఇంకో నెల చూశాను. రోజూ పొద్దున్నే లేచి ఆ కప్పు చూసేవాణ్ని. పేపరు చదువుతున్నాననుకునేవాళ్లు వీళ్లు."

"వదిలేసి పోయానని ఎందుకు చెప్పావు అన్నయ్యా? పొమ్మంది నువ్వు కదా."

"పొమ్మన్నారా?" అంది నర్సు.

మేస్త్రీ ఆమె వైపు వింతగా చూశాడు. "నీకు తెలీదా? నీకు తెలిసే ఊరుకున్నావనుకున్నాను ఇన్నేళ్లూ."

"నేను ఆ రోజు ఆస్పత్రిలో అత్తయ్య దగ్గర ఉన్నాను. ఇంటి దగ్గర ఏం జరిగిందో నాకెవరు చెప్పారు?"

"ఆస్పత్రినుంచి కబురొచ్చింది. నేను ఇక్కడ ఇటుకలు తడుపుతున్నాను. అన్నయ్య నా చేతిలో తట్ట లాక్కుని అవతల పడేశాడు. నీ దుమ్ము పీల్చే అమ్మ పోయింది, మళ్లీ ఈ గడప తొక్కకు అన్నాడు." అతని గొంతులో కోపం లేదు. ఎప్పటిదో సైటు కొలతలు చెప్పినట్టు చెప్పాడు. "నిజమే కదా అనుకున్నాను. నెల్లాళ్లు గోడ కొట్టాం. పరదా కట్టినా దుమ్ము ఆగుతుందా? రాత్రుళ్లు దగ్గేది. నేను విన్నాను."

నర్సు అతని ఎదురుగా వెళ్లి నిలబడింది. కుడి చెవి వైపు నిలబడి, వార్డులో రోగి బంధువులకి చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడిగా చెప్పింది.

"అత్తయ్య చనిపోయింది గుండె కవాటం పాడై. అయిదేళ్లనుంచీ పాడవుతూనే ఉంది. ఆ దగ్గు ఊపిరితిత్తుల్లో నీరు చేరినందువల్ల వచ్చింది. దుమ్ము లేకపోయినా వచ్చేదే. రిపోర్టులన్నీ నేను చూశాను. నా చేతుల్లోనే పోయింది. దుమ్ముకీ దానికీ సంబంధం లేదు."

అతను ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"ఒక్కమాట, ఆ రోజే నన్ను అడిగుంటే చెప్పేదాన్ని" అంది ఆమె. అది ఎవరితో అందో తెలియలేదు. ఇద్దరూ తమతోనే అనుకున్నారు.

మేస్త్రీ గోడకి ఆనుకుని నేలమీద కూర్చున్నాడు. "ఆ తర్వాత మనుషులున్న ఇంట్లో పని ఒప్పుకోలేదు నేను" అన్నాడు. "ఖాళీ ఇళ్లయితేనే ఒప్పుకునేవాణ్ని. ముసలివాళ్లు ఉన్నారంటే మొదటే కుదరదనేవాణ్ని. మా ఆవిడ తిట్టేది, చేతికొచ్చిన పని వదులుకుంటున్నావని. ఎందుకో దానికి చెప్పలేదు."

పిచ్చుక మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అతను తాగి, గ్లాసు నేలమీద పెట్టి, లేచాడు. ప్యాంటు దులుపుకుని మళ్లీ మేస్త్రీ అయిపోయాడు.

"ఈ సాయంత్రమే దీనికి రెండు పక్కలా రెండు జాకీలు పెడతాను. రేపు ఇంజనీరు చూడాలి. కప్పు విప్పాలి. స్తంభం కట్టాలి, ఆరాలి. మూడు వారాలు. తర్వాత ఆఫీసువాళ్లు వచ్చి చూస్తారు, కాగితం ఇస్తారు. దానిమీద కొత్త తారీఖే ఉంటుంది. పాత తారీఖు వేసి నేను సంతకం పెట్టను, ముందే చెప్తున్నాను."

"ఎవరూ అడగలేదు" అంది నర్సు.

"ఆయన అడుగుతాడేమోనని."

అన్నగారు తలెత్తలేదు.

"మీరు ఈ మూడు వారాలూ ఇక్కడ ఉండకూడదు. మా ఇంట్లో రెండు గదులున్నాయి. ఇరుకే. వదినా, పిచ్చుకా ఒక గదిలో సర్దుకుంటే..." అన్నగారి గురించి ఏం అనాలో తేలక ఆగాడు. "సామాను తెస్తాను" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా ఆయన కిటికీలోంచి చూశాడు. వాడికి ఒంట్లో బాగుండటం లేదా ఏమిటి, చిక్కిపోయాడు అన్నాడు.

"ఒకటో తారీఖున చేరలేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇస్తారు" అన్నాడు మళ్లీ. "లాయరమ్మతో మాట్లాడి చూస్తాను. ఆఫీసుకి వెళ్లింది నువ్వు, నేను కాదు. బీమా నా పేరున అడిగితే..."

ఆమె సోఫా దగ్గరికి వెళ్లి దుప్పటి అందుకుంది. ఆయన వాక్యం పూర్తి చెయ్యలేదు.

అప్పుడు ఆమె ఫోన్ మోగింది. డ్రైవరు భార్య. నర్సు ఫోన్ తీసి, "ఒక్క నిమిషం అమ్మా, మావారు మాట్లాడతారు" అని భర్త చేతికి ఇచ్చింది. ఇచ్చేముందు స్పీకరు నొక్కింది.

"అన్నయ్యగారూ, ఏం అనుకోకండి" అంటోంది ఆ అమ్మాయి. గొంతు ఉత్సాహంగా ఉంది. "మేం అద్దెకుంటున్న ఇంటివాళ్లు ఈ ఇల్లు వేరేవాళ్లకి మాటిచ్చేశారు. సగం సామాను సర్దేశాం. పిల్ల మంచం ఒక్కటీ ఆదివారం తెచ్చి పై గదిలో పెట్టుకోమంటారా? పెద్దదేం కాదు."

ఆయన నోరు తెరిచాడు. భార్య వైపు చూశాడు. ఆమె సోఫా మీది దుప్పట్లు మడతపెడుతోంది. చెయ్యి ఆపలేదు.

"వద్దమ్మా" అన్నాడు.

"పోనీ, సోమవారం?"

"అది కాదు. ఆ గది కింద... దూలం ఒక కొస జాకీ మీద ఉంది. పదిహేను రోజులకని పెట్టింది. తియ్యలేదు. అది మోస్తుందో లేదో నాకు తెలీదు. ఉందని మాత్రం తెలుసు. మీరు ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజున కూడా తెలుసు."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. తర్వాత డ్రైవరు గొంతు. కేకలు లేవు. ప్రయాణికుడు దిగాల్సిన స్టాపు అడిగినట్టు అడిగాడు.

"మీ అమ్మాయి ఆ గదిలోనే కదండీ ఉండేది. ఎన్నేళ్లనుంచి?"

నర్సు చేతిలో దుప్పటి ఆగింది. ఆమె ఇంతసేపూ గోడ గురించి అడిగింది, మరిది గురించి అడిగింది, కాగితం గురించి అడిగింది. ఈ మాట అడగలేదు.

ఆయన కప్పు వైపు చూశాడు.

"తొమ్మిదేళ్లు" అంది పిచ్చుక. వచ్చి తండ్రి కుర్చీ ముందు నిలబడి చెయ్యి చాపింది. "ఆ ఫోన్ ఇలా ఇవ్వండి."

ఆయన కూతురి చేతిని కాదు, ముఖాన్ని చూశాడు. మాటలొచ్చిన నాటినుంచీ ఆ పిల్ల ఆయన్ని నువ్వనే పిలిచింది.

ఫోన్లో డ్రైవరు అడుగుతున్నాడు, వింటున్నారా అని.